వణుకుని విడదీసి చూసిన శార్కో

పార్కిన్సన్స్ జబ్బుకి ఆ పేరు పెట్టింది పార్కిన్సన్ కాదు. లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురు రోగుల గురించి చిన్న పుస్తకం రాసి, దాన్ని వణుకుడు పక్షవాతం అన్నారు. చాలా ఏళ్ల తర్వాత ఆ పుస్తకాన్ని వెతికించి తెప్పించుకుని, జబ్బుకి పార్కిన్సన్ పేరు ఖాయం చేసింది ప్యారిస్ డాక్టర్ జాన్-మార్టిన్ శార్కో. ఈసారి ఆయన గురించి రాస్తున్నా.

శార్కో 1825 నవంబర్ 29న ప్యారిస్‌లో పుట్టారు. నాన్న గుర్రపు బగ్గీలు తయారుచేసేవారు. 1862లో శార్కో సాల్‌పేట్రియేర్ ఆసుపత్రిలో పెద్ద డాక్టరయ్యారు. ఒకప్పుడు తుపాకి మందు తయారైన చోటది. ఆయన వెళ్లేనాటికి దిక్కులేని ముసలివాళ్లు, నయంకాని జబ్బులున్న ఆడవాళ్లు వేలమంది ఉండేవారు. పేరు రావాలనుకునే డాక్టర్లు కోరుకునే చోటు కాదు. శార్కోకి మాత్రం అది కదిలే పుస్తకంలా కనిపించింది. ఒకే మనిషిని ఏళ్ల తరబడి చూడొచ్చు, ఏది ఎప్పుడు మారిందో రాసుకోవచ్చు.

అప్పట్లో వణికేవాళ్లందర్నీ ఒకే గాటన కట్టేసేవారు. ఆయన వాళ్లని పక్కపక్కన కూర్చోబెట్టి చూశారు. కొందరికి చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడు వణుకు. ఇంకొందరికి గ్లాసు అందుకోబోతేనే వణుకు. మొదటిది పార్కిన్సన్స్, రెండోది మల్టిపుల్ స్క్లెరోసిస్. వెనక కూర్చున్న స్టూడెంట్లకి కూడా తేడా కనబడాలని రోగుల టోపీలకి పొడవాటి ఈకలు పెట్టించారట.

ఇంకో సంగతి కూడా పట్టుకున్నారు. ఈ రోగుల్లో బలం పోలేదు, కదలిక మొదలవ్వడమే ఆలస్యం. కొందరికి వణుకే ఉండదు. అలాంటప్పుడు వణుకుడు పక్షవాతం అనే పేరు తప్పే కదా! అందుకే మార్చారు.

ఈ ముక్క నాకు మా తాతయ్య వల్ల బాగా అర్థమైంది. ఆయనకి ఈ జబ్బుంది. కాలు జారి పడితే ఒక ఆసుపత్రిలో చేర్చాం. మొహంలో కండరాలు బిగుసుకుపోయి నవ్వు రాదు, అక్కడివాళ్లు కోపమనుకున్నారు. మాట నెమ్మదిగా వస్తే, చెవుడనుకుని గట్టిగా అరిచారు. తినడం లేటైతే ఆకలి లేదని ప్లేటు తీసేశారు. లెవోడోపా టాబ్లెట్ పనిచేసేది కొన్ని గంటలే, టైముకి పడకపోతే మనిషి మంచానికి అతుక్కుపోతాడు. వార్డులో అందరితోపాటే ఇచ్చేవారు. అమ్మ చీటీ రాసి మంచానికి అంటించాక ఒక నర్సమ్మ చదివి, అప్పట్నుంచి టైముకి తెచ్చి ఇచ్చింది. ఆవిడ చెడ్డది కాదు, అంతకుముందు ఎవరూ చెప్పలేదంతే.

శార్కోలో లోపాలూ ఉన్నాయి. హిస్టీరియా ఉందన్న ఆడవాళ్లని హిప్నటైజ్ చేసి జనం ముందు ప్రదర్శించారు. ఆ సిద్ధాంతాల్లో చాలావరకు ఆయన పోయాక నిలబడలేదు. చూడటం వేరు, ప్రదర్శించడం వేరు. ఆ గీత ఆయనే చాలాసార్లు దాటారు.

కానీ చివరి రోజుల్లో చేసిన ఒక పని నాకు నచ్చింది. దూరం నుంచి రైళ్లలో, బండ్లలో వచ్చిన పార్కిన్సన్స్ రోగులు, ఆ కుదుపుల తర్వాత ఒళ్లు తేలికపడిందని చెప్పేవారట. వేరే డాక్టరైతే నవ్వి వదిలేసేవాడేమో. బగ్గీల ఇంట్లో పుట్టిన ఈయన, అలా కుదిపే కుర్చీ చేయించారు. కుర్చీ వైద్యంగా నిలవలేదు. 1893 ఆగస్టు 16న ఆయనా పోయారు. అయినా ఆ ఆలోచన ఏ ల్యాబ్‌లోనూ పుట్టలేదు. నెమ్మదిగా మాట్లాడే మనిషి వాక్యం పూర్తయ్యేదాకా ఆగినందుకు దొరికింది.