ఎర్ర డాలు ఇంటివారు



మీ ఇంటిపేరు ఎలా వచ్చిందో ఎప్పుడైనా మీ ఇంట్లో పెద్దలను అడిగి చూశారా? చాలామందికి అది పూర్వీకుల ఊరి పేరై ఉంటుంది. మనం 'ఇంటిపేరు' అంటామే గాని అందులో ఇల్లు కనిపించదు. నిజంగానే ఒక ఇంటి పేరు వంశం పేరుగా మారి లోకమంతా వినిపించిన కథ జర్మనీ దేశంలో ఉంది. అదే రోత్‌షిల్డ్ అనే యూదుల ఇంటిపేరు. ఇంగ్లీషువారు దానిని రాత్‌చైల్డ్ అని పలుకుతారు.

ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 1462 నుండి యూదులందరూ ఒకే ఇరుకు వీధిలో కాపురముండవలసి వచ్చింది. ఆ వీధికి గేట్లుండేవి. రాత్రివేళ, ఆదివారాలలో, క్రైస్తవుల పండుగలలో వాటికి తాళం వేసేవారు. అప్పటి యూదులలో చాలామందికి స్థిరమైన ఇంటిపేర్లు లేవు. ఫలానావారి కుమారుడు ఫలానా అని పిలుచుకునేవారు. ఇళ్లకు నంబర్లు లేనందున ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు ఉండేది. ఒకటి ఓడ, ఒకటి పెనం, మరొకటి ఆకుపచ్చ డాలు. 1567 ప్రాంతంలో ఐజాక్ ఎల్కనాన్ అనే ఆయన కట్టుకున్న ఇంటికి ఎర్ర డాలు గుర్తు. జర్మను భాషలో రోత్ అంటే ఎరుపు, షిల్డ్ అంటే డాలు. ఆ వంశంలో తరువాతివారు 17వ శతాబ్దంలో ఆ ఇల్లు విడిచి, పెనం పేరుగల వెనుక ఇంటికి మారారు. ఇల్లు పోయింది గాని పేరు మాత్రం వారితోనే వచ్చింది.

ఆ వెనుక ఇంట్లో 1744లో పుట్టినవాడే మాయర్ ఆమ్షెల్ రోత్‌షిల్డ్. పన్నెండేళ్లు నిండేలోపే మశూచి వలన తండ్రి, మరుసటి ఏడే తల్లి కన్నుమూశారు. యూదు ధర్మశాస్త్రం చదువుకుంటున్న ఆ పిల్లవాణ్ణి బంధువులు హనోవర్ పట్టణంలో ఒక యూదుల వ్యాపార సంస్థలో పని నేర్చుకోవడానికి పంపారు. తిరిగి వచ్చి పాత నాణేల వ్యాపారం మొదలుపెట్టాడు. నాణేలు సేకరించే సరదాగల హెస్సె రాకుమారుడు విల్‌హెల్మ్ ఆయన ఖాతాదారుడయ్యాడు. 1769లో ఆస్థాన వర్తకుడనే బిరుదు దొరికింది. 1770లో గూట్లె అనే యువతిని పెండ్లాడాడు. వారి బిడ్డలలో ఐదుగురు కుమారులు, ఐదుగురు కుమార్తెలు బ్రతికి పెద్దవారయ్యారు. 1780లలో ఆయన కొన్న ఇంటి గుర్తేమిటో తెలుసా? ఆకుపచ్చ డాలు! ఎర్ర డాలువారు పచ్చ డాలు ఇంటిలో కాపురమున్నారు.

నాణేల కొట్టు క్రమంగా బ్యాంకు అయింది. ఫ్రాంక్‌ఫర్ట్, వియన్నా, లండన్, నేపుల్స్, పారిస్ నగరాలలో ఐదుగురు కొడుకులూ స్థిరపడ్డారు. రాజులు సైతం వారి వద్ద అప్పులు తీసుకున్నారు. ఆయనలోనూ లోటు లేకపోలేదు. వ్యాపారంలో కూతుళ్లకు, అల్లుళ్లకు ఏ హక్కూ లేకుండా వీలునామా వ్రాశాడు.

అంత ధనమున్నా, చాలాకాలం ఆదివారం వస్తే ఆయన కూడా గేటు లోపలే ఉండవలసి వచ్చింది. 1811లో ఆ నగరాన్ని ఏలుతున్న డాల్‌బర్గ్ ప్రభువు యూదులకు సమాన హక్కులిచ్చాడు. అయితే ఊరికే ఇవ్వలేదు. అందుకు యూదులు 4,40,000 గుల్డెన్లు చెల్లించడానికి ఒప్పుకోవలసి వచ్చింది. ఆ ప్రభువు ఎవరో కాదు, మన కతోలిక అగ్రపీఠాధిపతే! మాయర్ 1812 సెప్టెంబరు 19న మరణించాడు. నెపోలియన్ పతనమైన తరువాత ఆ హక్కులను నగరం మళ్లీ లాగేసుకుంది. పూర్తి సమానత్వం 1864లో గాని రాలేదు. కొడుకులు భవనాలు కట్టుకున్నా, గూట్లె అమ్మగారు మాత్రం ఆ పచ్చ డాలు ఇల్లు విడువక, 1849లో తొంభై ఐదేళ్ల వయస్సులో అక్కడే కన్నుమూసింది.

ప్రియులారా, ఆ గేట్లు పెట్టినది ఎవరు? ఫ్రాంక్‌ఫర్ట్ తరువాత లూథరన్ నగరమయింది గనుక ఆ తప్పు మనది కాదని తప్పించుకోలేము. 1462 నాటికి మార్టిన్ లూథర్ ఇంకా పుట్టనేలేదు. దివ్యపూజకు వెళ్లే మనవారే, ప్రభువు పునరుత్థానమైన దినాన, ఆ ప్రభువు పుట్టిన జాతివారిని లోపలపెట్టి తాళం వేశారు. యేసు, మరియమ్మ, యోసేపు ఆనాడు ఆ ఊరికి వస్తే, ఆ వీధిలోనే ఉండవలసి వచ్చేది గదా! యూదులను ద్వేషించరాదని, హింసించరాదని ద్వితీయ వాటికన్ మహాసభ 1965లో స్పష్టం చేసింది. అది చెప్పడానికి మనకు ఎంతకాలం పట్టిందో చూడండి.

ఇంటిపేరు వినగానే, పేట పేరు చెప్పగానే మనిషిని అంచనా వేసే అలవాటు మనలోనూ ఉంది. ఈ ఆదివారం గుడికి బయలుదేరే ముందు, మన మనస్సులో ఎవరి వీధికి తాళం వేసి వస్తున్నామో ఒక్క క్షణం ఆలోచించుకుందాం. తాళం చెవి మన చేతిలోనే ఉంది.