లేపాక్షి విరూపణ్ణ

విజయనగర సామ్రాజ్యమును అచ్యుతదేవరాయలు 1529 మొదలు 1542 వరకు పాలించెను. ఆ కాలమున పెనుకొండ దుర్గము ఒక సీమకు ముఖ్యస్థానమై యుండెను. అచట రాయల యధికారిగా నుండి, బొక్కసమును కాపాడుచుండిన వాడు విరూపణ్ణ. నంది లక్కిశెట్టి, ముద్దమాంబ అతని తలిదండ్రులు. వీరణ్ణ అతని సోదరుడు.

పెనుకొండకు దక్షిణమున, నేటి హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి గ్రామము కలదు. అచట తాబేటి వీపువలె ఉబ్బియుండు నొక రాతిగుట్టకు కూర్మశైలమని పేరు. ఆ గుట్టపై వీరభద్రస్వామికి గొప్ప ఆలయమును కట్టింపవలెనని విరూపణ్ణ సంకల్పించెను. సోదరుడు తోడు నిలిచెను. శిల్పులును, చిత్రకారులును, రాతిపనివారును అచటికి చేరిరి.

ఆ సీమలో గట్టిరాయికి కొదువ లేదు. పనివారు బండపై వరుసగా గుంటలు తొలిచి, వానిలో మేకులు బిగించి కొట్టి, రాతిని కావలసిన కొలతకు చీల్చెడివారు. పీఠముపై స్తంభమును నిలిపి, దాని తలపై బోదికను, బోదికపై దూలమును, దూలములపై పలకరాళ్లను పేర్చిరి. రాయికిని రాయికిని నడుమ సున్నము పూయలేదు. ఒకదాని కొకటి సరిగా నమరునట్లు చెక్కుటయే అచటి యతుకు. రాతి బరువే అచటి బిగింపు. సున్నమును ఇటుకను గుడి పైభాగమునకు మాత్రమే వాడిరి.

ఈ పద్ధతిలో నొక మేలు కలదు. సున్నముతో నతికిన గోడను విప్పబోయినచో ముక్కలగును. పేర్చిన రాయి యట్లు కాదు. ఒక దూలము పగిలినచో పైరాళ్లను దింపి, దానిని మార్చి, తక్కిన రాళ్లను తిరిగి యథాస్థానమున నిలుపవచ్చును. లేపాక్షి నాట్యమండపములోని యొక స్తంభము నేలకు పూర్తిగా ఆనక, అడుగున సన్నని సందుతో నున్నది. చూచువారు దాని క్రింద గుడ్డను దూర్చి అవతలికి లాగుదురు. అట్లయ్యును మండపము నిలిచియే యున్నది. పై దూలములును, చుట్టునున్న స్తంభములును ఆ భారమును పంచుకొనుచున్నవి.

విరూపణ్ణ తలపెట్టిన పని యంతయు పూర్తి కాలేదు. శివపార్వతుల కల్యాణమునకై యారంభించిన మండపమునకు స్తంభములు లేచినవి గాని కప్పు పడలేదు. దానికి కారణముగా ఆ సీమవారు ఒక కథ చెప్పుకొందురు. తన యనుమతి లేకయే బొక్కసము గుడికి వ్యయమయ్యెనని విని రాయలు కోపించి, విరూపణ్ణ కన్నులు తీయింప నాజ్ఞాపించెనట. ప్రభువు ధనమునకు లెక్క చెప్పవలసిన వాడు తానే యని తలచి, విరూపణ్ణ తన కన్నులను తానే పెకలించి గోడపై విసరెనట. గోడపైనున్న రెండు ఎర్రని మరకలను నేటికిని చూపుదురు. ఇది జనశ్రుతి. అతని శ్రద్ధకు సాక్ష్యములు మాత్రము కన్నుల యెదుటనే కలవు. పైకప్పు చిత్రములలో ఆ సోదరుల రూపములు నిలిచియున్నవి. ఆలయమునకు కొంత దూరమున, ఏకశిలలో మలచిన నంది సుమారు 15 అడుగుల యెత్తును, 27 అడుగుల పొడవును గలిగి యలరారుచున్నది. అచటి స్తంభములపై చెక్కిన లతలను, పూవులను ధర్మవరము నేతగాండ్రు పట్టుచీరల యంచులలో నేసిరి.

కప్పులేని ఆ కల్యాణమండపము మరియొక మేలు చేయుచున్నది. ముగిసిన మండపములో కానరాని పని వరుస యిచట తేటగా కనబడును. ఏ రాయి దేనిపై నిలుచునో, ఏది ముందో, ఏది వెనుకయో, చూచినవారు తెలిసికొనగలరు.

ఇట్లు రాయిపై రాయి పేర్చి కట్టు విద్య విరూపణ్ణ కాలమునకు ముందే దక్షిణదేశమంతట కలదు. దాని ఫలమును మన కాలము కన్నులార చూచినది. శ్రీశైలము జలాశయములో మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతిరాతిగా విప్పి, అలంపురమునకు చేర్చి తిరిగి నిలిపిరి. హనుమకొండ వేయిస్తంభముల గుడి కల్యాణమండపమును విప్పి, రాళ్లకు అంకెలు వేసి, మరల కట్టి 2024లో ప్రజలకు తెరచిరి. నేటి సిమెంటు కట్టడమును కూల్చినచో చాలవరకు శిథిలముల కుప్పయే మిగులును. అందుచేతనే విప్పి మరల వాడదగిన కట్టడములకై నేటి వాస్తుశిల్పులు లోకమంతట యోచించుచున్నారు.

విరూపణ్ణ తన మండపమునకు కప్పు వేయింపలేకపోయెను. అయినను ఆ స్తంభములు దాదాపు అయిదు వందల యేండ్లుగా ఎండవానలకు ఓర్చి నిలిచియున్నవి. తన తరువాత వచ్చువారు చూచి నేర్చుకొనదగినట్లు కట్టినవాని శ్రమ, పని ముగియకున్నను, వ్యర్థము కాదు.