కాటన్ దొర, మా సంఘం లెక్కలు

ఎండాకాలం కాలువలు కట్టేస్తారన్న కబురు రాగానే మా అత్తగారు గుండిగలన్నీ తోమించేవారు. ఊరి మంచినీళ్ళ చెరువు నింపారో లేదో నాలుగిళ్ళూ తిరిగి ఆరా తీసేవారు. మొన్న రామచంద్రపురంలో మా మహిళా పొదుపు సంఘం లెక్కలు ఏ కంపెనీ క్లౌడ్‌లో పెట్టాలా అని కూర్చున్నప్పుడు ఆవిడ గుర్తొచ్చారు. వెనకే కాటన్ దొర.

1803లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఆర్థర్ కాటన్ పద్దెనిమిదేళ్ళకే మద్రాసు వచ్చారు. 1836లో కొల్లిడం మీద ఆనకట్టలు కట్టించారు. అప్పటికి మన గోదావరి సీమ పరిస్థితి ఏమిటనుకున్నారు? 1832-33లో కరువు, 1839లో తుఫాను. పక్కనే నిండు నది సముద్రంలోకి పోతోంది, ఒడ్డున జనం ఆకలితో చస్తున్నారు. ఆయన నివేదికలు రాసి రాసి కంపెనీవారిచేత డబ్బు మంజూరు చేయించుకున్నారు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. వీణెం వీరన్నగారు కుడిభుజంగా నిలిచారు. మధ్యలో దొరగారికి ఒళ్ళు చెడి సెలవు పెట్టాల్సి వచ్చినా, 1852కి ఆనకట్ట లేచింది.

డెల్టాలో లక్షల ఎకరాలు తడిశాయి. ఎవరి బావి వాళ్ళు తవ్వుకోనక్కర్లేదు, నీటి తీరువా కడితే చాలు. అయితే పొలాలన్నీ ఒక్క ఆనకట్టకే ముడిపడ్డాయి. అందుకే మన పెద్దవాళ్ళు కాలువొచ్చింది కదా అని ఊరి చెరువు పూడ్చుకోలేదు.

క్లౌడూ ఇంచుమించు అంతే కదండీ! యంత్రాలు మనం కొనక్కర్లేదు, వాడుకున్నంతకే డబ్బు. మేం మాత్రం మొదటిసారి చెరువు సంగతి మరిచిపోయాం. ఒక కంపెనీ దగ్గర పెట్టిన లెక్కలు, వాళ్ళని వదిలేద్దామనుకునేసరికి, ఇంకోచోట తెరుచుకోలేదు. పద్నాలుగు నెలల జమలు, అప్పులు మళ్ళీ చేత్తో ఎక్కించాం. ఒకావిడ కట్టేసిన వాయిదా బాకీగా కనిపించి, పాపం, అందరిముందూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ తమని పూర్తిగా వదిలి వెళ్ళేవాళ్ళ దగ్గర సమాచారం బయటికి తీసుకెళ్ళే రుసుము వసూలు చేయబోమన్నాయి. రుసుము పోయినా, తీసుకెళ్ళింది ఇంకోచోట ఇమడాలి కదా!

కాటన్‌గారికి 1861లో సర్ బిరుదొచ్చింది. రైళ్ళకన్నా నీటిదారులే చవకని జీవితమంతా వాదించిన మనిషిని 1878లో పార్లమెంటు కమిటీ కూర్చోబెట్టి ప్రశ్నలడిగింది. 1899లో, తొంభై ఆరో ఏట పోయారు. ఆయన పేరుతో ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది.

మా సంఘం ఈసారి ధర అడిగేముందు, మా లెక్కలన్నీ మామూలు పట్టికలుగా ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చా అని అడిగింది. సరేనని కాగితం మీద రాసిచ్చిన కంపెనీకే ఓటేశాం. నెలాఖరు నకలు ఒకటి మాత్రం మా కోశాధికారి బీరువాలోనే ఉంటుంది.