రహీం మాస్టారు

భారత ఫుట్‌బాల్‌ను ఆసియాలో అగ్రస్థానాన నిలబెట్టింది ఒక హైదరాబాదు బడిపంతులంటే మనలో చాలామంది నమ్మరు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. బడిలో పాఠాలు చెబుతూనే ఆటాడారు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకి బొంబాయి రోవర్స్ కప్పు గెలిపించారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత్‌కి స్వర్ణం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలోనే వచ్చాయి.

కొడుకు హకీం కూడా ఆటగాడే. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. శిక్షకుడు కన్నతండ్రే, అయినా ఒక్క మ్యాచీ ఆడలేదు! కామందు కొడుక్కి తేలిక పని దొరకడం మా పొలాల్లో చూసినవాణ్ణి గనక నాకిది గొప్పగా తోచింది.

1962లో జకార్తా. డిఫెండరు జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలితే, కుట్లతోనే అతణ్ణి ముందువరసలో ఆడించారు రహీం. ఫైనల్లో గోలు కొట్టాడతను. దక్షిణ కొరియాపై 2-1తో మళ్లీ స్వర్ణం.

తొమ్మిది నెలలు తిరిగాయి. 1963 జూన్ 11న కాన్సరు ఆయన్ని తీసుకుపోయింది. 2023 క్రీడల దాకా ఆ స్వర్ణం మనకి మళ్లీ దక్కలేదు. పంతులు పోయాక బడి ఎంత బోసిపోతుందో ఆ లెక్కే చెబుతుంది.