ఇంటింటా కూర్చుండి మాటలాడిన జాన్ ఊల్మన్



బానిసల విడుదల అనగానే మనకు విల్బర్‌ఫోర్సు గారు జ్ఞాపకమునకు వస్తారు. 1759లో ఆయన పుట్టకమునుపే అమెరికాలో ఒక దర్జీ ఈ పనికి పూనుకొన్నారు.

జాన్ ఊల్మన్ గారు 1720లో న్యూజెర్సీలో క్వేకరు కుటుంబమున జన్మించారు. (క్వేకర్లు నీటి బాప్తిస్మము ఇవ్వరు. అక్కడ మనకూ వారికీ కుదరదు. అయినను ఈ జీవితము తెలిసికొనదగినది.) యౌవనమున దుకాణములో పనిచేయుచుండగా యజమాని ఒక నల్లజాతి స్త్రీని అమ్మి, విక్రయ పత్రము వ్రాయమన్నాడు. కొన్నవాడు సొంత సంఘపు పెద్దమనిషి. ఊల్మన్ గారు మొహమాటపడి వ్రాశారు. కాని ఇది క్రైస్తవులకు తగదని ఆ ఇద్దరి యెదుటనే చెప్పారు. అయినా మనస్సు కుదుటపడలేదు. తరువాత మరియొకరు అట్టి పత్రమే అడిగితే వ్రాయనన్నారు.

1757లో దక్షిణ ప్రాంతములకు వెళ్ళినప్పుడు, బసచేసిన ఇండ్లలో తనకు సేవచేసిన బానిసలకు వెండి నాణెములు ఇచ్చేవారు, లేదా యజమానుల చేతనే ఇప్పించేవారు. భోజనము పెట్టినవారికి అది ఎంత ఇరకాటమో ఊహించండి! అయినను కోపపడలేదు. ప్రక్కన కూర్చుండి నెమ్మదిగా మాటలాడేవారు.

1758లో ఫిలడెల్ఫియా వార్షిక సభలో ఈ సంగతి చర్చకు వచ్చింది. బానిసత్వము మంచిదని ఎవరూ అనలేదు, కొంతకాలము ఆగుదామన్నారు. (మన కమిటీలలోనూ ఈ మాట వింటూనే ఉంటాము.) ఊల్మన్ గారు లేచి, పీడితుల మొర దేవుడు వింటున్నాడనీ, కొందరి లాభము కొరకు, స్నేహముల కొరకు కర్తవ్యమును వాయిదా వేయరాదనీ చెప్పారు. క్వేకర్ల సభలలో ఓట్లు లేవు. అందరి మనస్సు ఏకమగువరకు మాటలాడుకోవలసినదే. ఆనాడు బానిసలున్న ప్రతి విశ్వాసి ఇంటికీ వెళ్ళి మాటలాడుటకు కొందరిని నియమించారు. వారిలో ఆయన ఒకరు.

ఆ సందర్శనములు ఏండ్ల తరబడి సాగాయి. కొందరు విడిపించారు, కొందరు ముఖము చిట్లించుకొన్నారు. బానిసల చెమటతో తయారైనదని ఆయన పంచదార కూడా మానివేశారు.

1772లో ఇంగ్లండు వెళ్ళి, యార్కు పట్టణములో మశూచి సోకి అక్టోబరు 7న ప్రభువునందు నిద్రించారు. నాలుగేండ్ల తరువాత, 1776లో, బానిసలను ఉంచుకొనువారికి తమ సహవాసములో చోటు లేదని ఫిలడెల్ఫియా సభ తీర్మానించింది.