రహీం సాబ్: బడి పంతులు, భారత జట్టు కోచ్

ప్రతి విద్యాసంస్థకూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. జట్టుకు కొత్త కోచ్ కావాలి, ఎవరిని తీసుకోవాలి? పతకాలు గెలిచిన పేరున్న ఆటగాడినా, పిల్లలకు నేర్పడం తెలిసిన మనిషినా? డెబ్బయ్యేళ్ళకు పైబడిన కిందట మన హైదరాబాద్‌లో ఈ ప్రశ్నకు ఒక జవాబు దొరికింది. ఆ జవాబు పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళందరికీ ఆయన రహీం సాబ్. మన దేశపు ఫుట్‌బాల్‌కు అంత గొప్ప కోచ్ మళ్ళీ దొరకలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన వృత్తి బడి పంతులు. అందుకే స్వర్ణోత్సవ సంచికలో ఆయనకు చోటు ఉండాలి.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు, ఆ విశ్వవిద్యాలయం జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. చదువు అయ్యాక టీచరుగా చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్, ఈ నాలుగు బడుల్లో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా తీసుకున్నారు. చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత ఆయనదే. ఆటగాడిగా స్థానిక క్లబ్బులకు ఆడినా, దేశమంతా ఎరిగిన స్టార్ మాత్రం కాదు.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. ఆ రోజుల్లో కార్యదర్శి అంటే లెక్కలు, ఉత్తరాలు చూసుకుంటే సరిపోయేది. రహీం అక్కడితో ఆగలేదు. పోటీల నియమాలనే పాఠాలుగా మార్చారు. ఒక టోర్నమెంటులో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, బంతి అందగానే తోటివాడికి పాస్ ఇవ్వాలి. ఇంకో దాంట్లో వాటం లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు ఎడమకాలితో తంటాలు పడాల్సిందే. బడిలో లెక్కల మాస్టారు అర్థం కాని లెక్కనే పదిసార్లు చేయిస్తారు కదా, ఇదీ అలాంటిదే. ఒంటరిగా మెరవాలన్న మోజును తగ్గించి, జట్టుగా ఆడే అలవాటు పెంచడానికి ఆయన ఎంచుకున్న దారి అది.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ బాధ్యత ఆయనకు వచ్చింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు గెలిచింది. డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చుకుంది. అప్పటిదాకా దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లాంటి జట్ల ముందు దక్కన్ నుంచి వచ్చిన పోలీసు కానిస్టేబుళ్ళ జట్టు నిలబడి గెలిచింది. ఆ తరవాత హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956-57, 1957-58 సీజన్లలో వరసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ సాధించింది.

భారత జట్టు బాధ్యత కూడా ఆ కాలంలోనే వచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడల ఫైనల్లో మన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. అక్కడి చలిలో మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ ఓటమి తరవాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

అలాంటి ఓటమి తరవాత ఏ కోచ్ అయినా మూలన కూర్చుంటాడు, లేదా కూర్చోబెడతారు. రహీం ఆ ఓటమినే చదివారు. యూరప్‌లో హంగేరీ జట్టు కొత్తగా ఆడుతున్న పద్ధతిని గమనించారు. సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి తెచ్చి, ఎదుటి డిఫెండర్లు ఎవరిని కాయాలో తెలియని ఇబ్బందిలో పడేసే ఆట అది. దాన్ని మన కుర్రాళ్ళ ఒడ్డుకీ పొడుగుకీ, వేగానికీ తగ్గట్టు మలిచారు. బ్రెజిల్ 1958లో ప్రపంచ కప్పు గెలిచి 4-2-4 పద్ధతికి పేరు తేకముందే, మన జట్టు ఆ బాటలో నడిచింది.

ఫలితం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో ఎదురైంది మళ్ళీ యుగోస్లావియాయే. ఈసారి మొదటి గోల్ మనది. చివరికి 4-1తో ఓడినా, హెల్సింకి స్కోరును గుర్తుపెట్టుకున్నవారికి ఆ తేడా అర్థమవుతుంది. బల్గేరియాతో కాంస్య పోరులోనూ ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మన హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల్లో పెరిగినవారే.

బలరాం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆయనది సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ, పేద కుటుంబం. ఆటను చూసి రహీం సాబ్ శిక్షణకు రమ్మన్నారు. హైదరాబాద్ దాకా రోజూ రావడానికి కుర్రాడి దగ్గర డబ్బు లేదు. సైకిలు అద్దెకు తీసుకోమని రహీం సాబ్ తన జేబులోంచి డబ్బు ఇచ్చారు. ఆ కుర్రాడే మెల్‌బోర్న్‌లోనూ, రోమ్‌లోనూ, జకార్తాలోనూ దేశానికి ఆడాడు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టు హంగేరీతో 2-1 తేడాతో మాత్రమే ఓడింది, ఫ్రాన్స్‌తో 1-1గా డ్రా చేసుకుంది. పెరూ చేతిలో ఓడటంతో ముందుకు పోలేకపోయింది. రెండేళ్ళకు 1962 జకార్తా ఆసియా క్రీడలు వచ్చాయి. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయిలాండ్‌తో ఆడుతుండగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఎవరైనా ఆయన్ను పక్కన కూర్చోబెట్టేవారు. రహీం ఆయన్ను ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటి ఫైనల్ చేరారు.

సెప్టెంబరు 4న ఫైనల్. మళ్ళీ దక్షిణ కొరియాతోనే. రాజకీయ కారణాలతో స్టేడియంలో దాదాపు లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. జ్వరం నుంచి లేచిన తంగరాజ్ గోల్ కాచారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, తలకు కట్టుతోనే ఆడిన జర్నైల్ సింగ్ ఇంకో గోల్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది. ముందురోజు రాత్రి రహీం సాబ్ ఆటగాళ్ళను కూర్చోబెట్టి, రేపు తనకు బంగారు పతకాన్ని కానుకగా ఇమ్మని అడిగారని ఆ జట్టువాళ్ళు తరవాత చెప్పుకున్నారు. ఆ కానుక అందుకున్న తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు. అప్పటికి వయసు 53. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం మళ్ళీ రాలేదు.

శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గానీ మొదలు కాలేదు. అయినా ఆయన పాఠం ఆగలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. తరవాత కోచ్‌గా ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు. కొడుకు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, ఆ పైన అంతర్జాతీయ రెఫరీ అయ్యారు.

ఇప్పుడు ఫుట్‌బాల్ మన ఐటీ కారిడార్‌కే వచ్చింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానంగా హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడింది. 2020లో ఆ క్లబ్ స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్‌ను కోచ్‌గా తెచ్చుకుంది. 2022లో ఐఎస్ఎల్ టైటిల్ గెలిచింది. 2024లో ఆయన భారత జట్టు కోచ్ అయ్యారు. ఆయన తొలి టోర్నమెంటు ఆ ఏడాది సెప్టెంబరు 3 నుంచి 9 వరకు గచ్చిబౌలిలోనే జరిగింది. జకార్తా విజయానికి అరవై రెండేళ్ళు నిండిన రోజు ఆ మధ్యలోనే వచ్చింది. మన జట్టు మారిషస్‌తో 0-0గా ముగించి, సిరియా చేతిలో 3-0తో ఓడింది. ఏడాది తిరిగేసరికి మార్కెజ్ ఆ పదవి వదిలేశారు. హెల్సింకి తరవాత రహీంకు దొరికిన నాలుగేళ్ళు ఇప్పటి కోచ్‌లకు దొరకడం కష్టం.

స్టేడియాలు, క్లబ్బులు మన ఇళ్ళ దగ్గరకొచ్చాయి. కానీ రహీం సాబ్ తయారైంది స్టేడియంలో కాదు, బడి మైదానంలో. ఆయన్ను నమ్మినవారు చూసింది నేర్పే ఓపిక, ఓటమినుంచి నేర్చుకునే గుణం, సైకిలు అద్దె లేని కుర్రాడి ఇబ్బందిని కనిపెట్టే కన్ను. రేపు మన బడికి వ్యాయామ ఉపాధ్యాయుడిని ఎంచుకునేటప్పుడు, పూర్వ విద్యార్థుల సంఘం ఆ కమిటీలో కూర్చున్నా, దూరంనుంచి చందా పంపినా, అడగవలసిన ప్రశ్నలు ఈ మూడే. ఇంకా ఒకటి కలపాలి. ఎంచుకున్నాక ఆయనకు నాలుగేళ్ళు టైమివ్వాలి, పిల్లలు పరిగెత్తే నేలను అమ్ముకోకుండా కాపాడాలి.