ఎవరికీ చెప్పుకోని రెండు నెలలు: ఇమామ్ గజాలీ (రహ్మ) జీవితం

నమాజుకు నిలబడగానే రాకూడని ఆలోచనలు వస్తాయి. అల్లాహ్ గురించి, ఆఖిరత్ గురించి ఏవేవో ప్రశ్నలు మనసులో మెదులుతాయి. ఇంట్లో చెబితే ఏమనుకుంటారోనని లోపలే దాచుకుని కుమిలిపోయేవాళ్లు ఉన్నారు. తమ ఈమాన్ పోయిందేమోనని వాళ్ల భయం. అలాంటి బాధను తానే అనుభవించి, తర్వాత దాచుకోకుండా పుస్తకంలో రాసిపెట్టిన మహా పండితుడు ఒకరున్నారు. ఆయనే ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్).

క్రీ.శ. 1058లో, అంటే హిజ్రీ 450లో, ఖురాసాన్‌లోని తూస్ పట్టణంలో పుట్టారు. ఇప్పుడది ఇరాన్‌లో మష్‌హద్ దగ్గర ఉంది. తండ్రి ఉన్ని వడికి అమ్ముకునే పేదవాడు. పెద్దగా చదువు లేదు గానీ ఆలిముల మజ్లిసుల్లో కూర్చోవడమంటే ప్రాణం. ఆయన చనిపోయేముందు కొడుకులు ముహమ్మద్‌ను, అహ్మద్‌ను ఒక సూఫీ స్నేహితుడి చేతిలో పెట్టి, ఉన్న కాస్త డబ్బూ ఇచ్చి చదివించమన్నారు. ఆ డబ్బు అయిపోయాక పిల్లలు మదర్సాలో చేరారు. అక్కడైతే చదువుతోపాటు తిండి కూడా దొరుకుతుంది కదా!

జుర్జాన్‌లో చదువుకుని తిరిగొస్తుంటే దారిలో దొంగలు దోచుకున్నారు. మిగతావన్నీ పోయినా ఫర్వాలేదు, పాఠాలు రాసుకున్న కాగితాలు మాత్రం ఇవ్వమని కుర్రాడు వాళ్ల వెంటపడ్డాడు. కాగితాలు పోతే పోయే చదువు కూడా ఒక చదువేనా అని దొంగల నాయకుడు నవ్వి, కాగితాలు తిరిగిచ్చేశాడు. ఆ ఎగతాళి బాగా తగిలింది. ఇంటికొచ్చి మూడేళ్లు కూర్చుని అంతా కంఠస్థం చేశారు.

ఆ తర్వాత నీషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ దగ్గర శిష్యరికం. 1085లో గురువు కన్నుమూశాక సల్జూక్ వజీరు నిజాముల్ ముల్క్ దర్బారులో చోటు. 1091లో, ముప్ఫై మూడేళ్ల వయసుకే, బాగ్దాద్ నిజామియా మదర్సాలో ముఖ్య అధ్యాపకుడయ్యారు. ఎదురుగా మూడు వందల మంది విద్యార్థులు. ఖలీఫా దగ్గరా, సుల్తాన్ దగ్గరా గౌరవం.

పైకి కనిపించే కథ ఇది. లోపల జరిగింది వేరు. క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, యూదుల పిల్లలు యూదులుగా, ముస్లింల పిల్లలు ముస్లింలుగా పెరగడం ఆయన చిన్నతనం నుంచే గమనించారు. మరి అమ్మానాన్నల వల్ల వచ్చింది ఏది, నిజంగా తెలుసుకున్నది ఏది? ఈ ప్రశ్న వదల్లేదు. కళ్లను నమ్మవచ్చా అని చూశారు. నీడ కదలనట్టే కనిపిస్తుంది, కాసేపాగి చూస్తే జరిగి ఉంటుంది. నక్షత్రం దీనార్ బిళ్లంత కనిపిస్తుంది, లెక్క వేస్తే భూమికంటే పెద్దదని తేలుతుంది. సరే, బుద్ధిని నమ్ముదామంటే, కలలో ఉన్నంతసేపూ కల కూడా నిజమే అనిపిస్తుంది కదా! మెలకువ కూడా అలాంటిదే కాదని ఎవరు చెప్పాలి?

దాదాపు రెండు నెలలు ఇదే స్థితి. నోటితో ఎవరికీ చెప్పలేదు, మనసు మాత్రం దేన్నీ నమ్మలేని స్థితిలో ఉండిపోయింది. దీన్ని ఆయన జబ్బు అనే రాసుకున్నారు. వాదనతో నయం చేసుకుందామంటే కుదరలేదు. ఏ రుజువుకైనా ముందు ఏదో ఒకటి ఒప్పుకోవాలి, ఇక్కడ అనుమానం దానిమీదే. చివరికి తర్కం వల్ల గానీ, రుజువుల వల్ల గానీ కాదు, అల్లాహ్ తన గుండెలో వేసిన ఒక వెలుగు వల్లే కోలుకున్నానని రాశారు. అంత పెద్ద తార్కికుడు ఈ మాట ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

దీన్నీ, 1095లో వచ్చిన రెండో సంక్షోభాన్నీ చాలామంది ఒకటే అనుకుంటారు. కాదు. అప్పటికి అల్లాహ్ మీద, ప్రవక్త (స) మీద, ఆఖిరత్ మీద విశ్వాసం గట్టిగానే ఉంది. ఈసారి అనుమానం తన మీదే. ఈ పాఠాలన్నీ అల్లాహ్ కోసమా, పేరు కోసమా? వెళ్లిపోవాలని పొద్దున అనుకుంటే సాయంత్రానికి మనసు మారేది. ఆరు నెలలు ఇలా నలిగాక ఒకరోజు పాఠం చెప్పబోతే నోరు పెగల్లేదు. అన్నం అరగలేదు. జబ్బు మనసుది, మనసు కుదుటపడితే తప్ప మందు పనిచేయదని హకీములు చేతులెత్తేశారు.

హజ్‌కు వెళ్తున్నానని చెప్పి, పిల్లలకు సరిపడా ఉంచి, మిగతాదంతా పంచేసి బాగ్దాద్ వదిలారు. అసలు మనసులో ఉన్నది షామ్ దేశం. ఊళ్లో రకరకాల పుకార్లు. పాలకులకు భయపడి పోయాడన్నారు కొందరు. ఆ పాలకులే ఉండమని బతిమాలడం చూసినవాళ్లు మాత్రం, ఇది ముస్లింలకు తగిలిన నజర్ అనుకున్నారు. పెద్ద ఉద్యోగం, పెద్ద పేరు ఒక మనిషి తనంతట తానే వదులుకుంటాడని ఎవరూ నమ్మలేదు.

డమాస్కస్‌లో పెద్ద మసీదు మీనార్ ఎక్కి తలుపు వేసుకుని రోజంతా గడిపేవారు. తర్వాత బైతుల్ మఖ్దిస్, హెబ్రోన్, మక్కా, మదీనా. పాలకుల సొమ్ము ముట్టనని, వాళ్ల దర్బారుకు వెళ్లనని, వాదోపవాదాలకు దిగనని హెబ్రోన్‌లో ఇబ్రాహీం (అలైహిస్సలాం) సమాధి దగ్గర ప్రమాణం చేశారు. చివరికి పిల్లల మీద బెంగే ఆయన్ని ఇంటికి రప్పించింది.

ఆ ఏళ్ల ఫలమే 'ఇహ్యా ఉలూముద్దీన్', మొత్తం 40 భాగాలు. అందులో మనసు గురించిన భాగంలో ఆయన ఆలోచనలను మెట్లుగా విడదీశారు. మొదట ఒక తలపు దానంతటదే వస్తుంది. తర్వాత మనసు అటు మొగ్గుతుంది. ఈ రెండూ మనిషి చేతిలో లేవు కాబట్టి వాటికి లెక్క అడగబడదు. తర్వాత అది చేయాల్సిందేనని మనసు తేల్చుకోవడం, ఆఖరున చేసి తీరాలనే గట్టి సంకల్పం. మనిషి తన ఇష్టంతో ఆ మెట్లు ఎక్కినప్పుడే బాధ్యత. సంకల్పించాక అల్లాహ్‌కు భయపడి మానుకుంటే అది పుణ్యంగానే రాయబడుతుంది.

వుజూలో కడిగిన చెయ్యే మళ్లీ మళ్లీ కడిగేవాళ్లనూ ఆయన వదల్లేదు. తొలితరం వాళ్లు నీళ్ల విషయంలో ఇంత పట్టింపు చూపలేదని, వాళ్ల శ్రద్ధంతా గుండె శుభ్రత మీదేనని గుర్తుచేశారు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక క్రైస్తవ స్త్రీ కుండలోని నీళ్లతో వుజూ చేసుకున్న సంగతి కూడా చెప్పారు.

1106లో నిజాముల్ ముల్క్ కొడుకు ఫఖ్రుల్ ముల్క్ పట్టుబట్టడంతో నీషాపూర్‌లో మళ్లీ పాఠాలు మొదలుపెట్టారు. హెబ్రోన్ ప్రమాణం మాటేమిటని అడిగేవాళ్లు అడగవచ్చు. ఆయన మాత్రం, అప్పుడు పేరు తెచ్చే చదువు చెప్పాను, ఇప్పుడు పేరు వదులుకునే చదువు చెబుతున్నానన్న అర్థంలో జవాబు రాసుకున్నారు. ఆ రెండు నెలల సందేహం గురించి 'అల్ మున్‌ఖిజ్ మినద్దలాల్'లో రాసింది కూడా ఈ కాలంలోనే.

కొన్నాళ్లకు అదీ మానేసి తూస్ చేరుకున్నారు. ఇంటి పక్కనే విద్యార్థులకు మదర్సా, సూఫీలకు ఖాన్‌ఖా పెట్టారు. 1111 డిసెంబర్‌లో ఒక సోమవారం తెల్లవారుజామున లేచి, వుజూ చేసుకుని నమాజ్ చదివారు. కఫన్ తెమ్మని అడిగి, దాన్ని ముద్దుపెట్టుకుని కళ్లకద్దుకున్నారు. కాళ్లు చాపుకుని ఖిబ్లా వైపు తిరిగి పడుకున్నారు. ఎండ ఎక్కకముందే ప్రాణం పోయిందని తమ్ముడు అహ్మద్ చెప్పారు.